పాతకాలపు వస్తువులను ఆన్‌లైన్‌లో అమ్మడానికి ఏ వేదికను ఎంచుకోవాలి?

ప్రశ్న (రాజమహేంద్రవరం నుంచి ఒక సభ్యురాలు)

అందరికీ నమస్కారం. మా తాతగారు కట్టించిన మండువా ఇల్లు సంక్రాంతి వెళ్లాక చేతులు మారుతోంది. తోబుట్టువులం అందరం కూర్చుని ఎవరికి కావలసినవి వారు తీసుకున్న తరువాత కూడా సామాను చాలా మిగిలింది. పాతసామాను కొనేవాళ్లు వచ్చి చూసి, ఇత్తడికి కిలోల లెక్కన, కలపకు అడుగుల లెక్కన ధర కట్టి, మిగతావాటికి కలిపి ఒక మొత్తం చెప్పి వెళ్లారు. అది న్యాయమైన ధరో కాదో తేల్చుకునే ఆధారం మాకు లేదు. పైగా వస్తువులన్నీ కరిగించడానికో కోయడానికో పోతాయంటే మనసు ఒప్పడం లేదు.

మిగిలినవి ఇవి: అన్సోనియా అని రాసి ఉన్న అమెరికా గోడ గడియారం ఒకటి, పెట్టెలా మూసుకునే హెచ్‌ఎంవీ గ్రామఫోను, దానితో పాటు ఒక కట్ట లక్క ప్లేట్లు, చట్రాలు కట్టిన రవివర్మ అచ్చు పటాలు, టేకు భోషాణం, పందిరి మంచం, రెండు పెద్ద గంగాళాలు, రాగి గుండిగలు, కుంపటి, మరచెంబులు, కుంకుమ డబ్బాలో దాచిన వెండి రూపాయలు. ఇవి కాక, విశాఖపట్నం పనితనమని మా నాయనమ్మ చెబుతూ వచ్చిన దంతపు రేకుల పెట్టె ఒకటి, పంచలోహ వేణుగోపాలస్వామి చిన్న విగ్రహం, తాటాకు గ్రంథాల కట్టలు కొన్ని ఉన్నాయి.

ఓఎల్‌ఎక్స్, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్, ఈబే, ఎట్సీ, ముంబై వేలం సంస్థలు అంటూ ఒక్కొక్కరు ఒక్కొక్క పేరు చెబుతున్నారు. న్యూజెర్సీలో ఉన్న మా అక్క, చిన్న వస్తువులను తనతో తీసుకువెళ్లి అక్కడ అమ్మితే డాలర్లలో మంచి ధర వస్తుందని అంటోంది. అన్నీ ఒకేచోట అమ్మవచ్చా, విడివిడిగా అమ్మాలా, చట్టపరంగా చూసుకోవలసినవి ఏమిటి, తోబుట్టువుల మధ్య లెక్క తేటగా ఉండాలంటే ఏ పద్ధతి మేలు అన్నవి తెలిసినవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు (హైదరాబాదులో పాత వస్తువుల వ్యాపారంలో ఉన్న సభ్యుడు)

అమ్మా, కిలోల లెక్కన ఇవ్వకుండా ఆగి అడిగినందుకు చాలా సంతోషం. మీ సామానంతటికీ ఒకే అంగడి వెతకవద్దు. ఒక్కొక్క వస్తువును చేతిలోకి తీసుకుని రెండు ప్రశ్నలు వేసుకోండి. దీన్ని కోరి కొనే మనిషి ఎక్కడ ఉంటాడు? ఇది చట్టప్రకారం ఎంత దూరం పోగలదు? ఈ రెండూ తేలితే వేదిక పేరు దానంతటదే వస్తుంది.

ముందు రెండో ప్రశ్న చూద్దాం. పురావస్తువులు, కళాసంపదల చట్టం 1972లో వచ్చి 1976 ఏప్రిల్ 5 నుంచి అమలులో ఉంది. దాని ప్రకారం వందేళ్లు నిండిన నాణెం, శిల్పం, చిత్రం, చేతిపని వస్తువు, గతకాలపు కళను గాని శాస్త్రాన్ని గాని చూపే ఏ వస్తువైనా పురావస్తువే. రాతప్రతులకు 75 ఏళ్లు నిండితే చాలు. పురావస్తువును దేశం దాటించే హక్కు కేంద్ర ప్రభుత్వానికి, అది అధికారమిచ్చిన సంస్థకు తప్ప మరెవరికీ లేదు. దాటిస్తే తక్కువలో తక్కువ ఆరు నెలలు, గరిష్ఠంగా మూడేళ్లు జైలు, దానికి తోడు జరిమానా. కాబట్టి వందేళ్లు దాటిన వస్తువులకు ఈబే, ఎట్సీ వంటి విదేశీ వేదికల ఆలోచనే వద్దు. మీ అక్కగారి పెట్టెలో కూడా అవి వెళ్లకూడదు. ఎగుమతి అంటే ఓడలో సరుకు పంపడం ఒక్కటే అనుకుని విమానాశ్రయంలో చిక్కుకున్నవారు ఉన్నారు.

అదే చట్టం పురావస్తువుల వ్యాపారం చేసేవారిని లైసెన్సు తీసుకోమంటుంది. వారసత్వంగా వచ్చిన ఇంటి సామానును ఒక కుటుంబం ఒకసారి అమ్ముకోవడం వేరు, దుకాణం పేరుతో ఖాతా తెరిచి ఊరూరా సేకరించినవి నెలనెలా అమ్మకానికి పెట్టడం వేరు. రెండోది చేసేవారికి లైసెన్సు తప్పదు. మీరు ఎవరి ద్వారానైనా అమ్మించదలిస్తే, వారి లైసెన్సు పత్రం చూపించమని అడగండి. నిజమైన వ్యాపారి అందుకు నొచ్చుకోడు.

ఇక కొనేవాడి సంగతి. గంగాళాలు, గుండిగలు, భోషాణం, పందిరి మంచం బరువైనవి, దూరం పోలేనివి. హైదరాబాదు, విశాఖ, బెంగళూరులలో ఇళ్లకు, హోటళ్లకు, రిసార్టులకు లోపలి అలంకరణ చేసేవారు వీటికి అసలైన కొనుగోలుదారులు. వారు ఓఎల్‌ఎక్స్, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్, ఇన్‌స్టాగ్రామ్ మూడింటిలోనూ వెతుకుతారు. ఈ వేదికలు ఇలాంటి సామానుకు సరిపోవడానికి కారణం, కొనేవాడు స్వయంగా వచ్చి చూసి, డబ్బు ఇచ్చి, తన బండిలో ఎక్కించుకుపోవడమే. అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ వంటివి ఒకే రకం సరుకు వందల సంఖ్యలో అమ్మేవారి కోసం కట్టినవి. ఒంటి వస్తువుకు అక్కడ చోటు లేదు. మన దేశంలో ఒంటి వస్తువులకు బాగా పనికొచ్చిన ఈబే ఇండియా వెబ్‌సైటు 2018 ఆగస్టులో మూతపడింది. ఇప్పుడు ఇక్కడివారు ఈబేలో అమ్మడమంటే విదేశాలకు పంపడమే.

ప్రకటనలో కొలతలు, బరువు, లోహం మందం రాయండి. గంగాళం అంచు దగ్గరగా ఒక ఫొటో, అడుగున ఒకటి, చెవులు అతికిన చోట ఒకటి తీసిపెట్టండి. పేర్లు చెక్కిన గిన్నెలుంటే ఆ అక్షరాలు చదవగలిగేలా ఫొటో తీయండి, ఎందుకంటే పాత ఇళ్లలో పెళ్లి సారెగా ఇచ్చిన పాత్రలపై పేరూ ఊరూ తేదీ చెక్కించేవారు, వయసుకు అంతకన్నా గట్టి సాక్ష్యం లేదు. అన్నిటికన్నా ముఖ్యం, ఫొటోల కోసమని చింతపండు పెట్టి తోమవద్దు. ఏళ్ల తరబడి పట్టిన ఆ ముదురు రంగు కోసమే డబ్బు ఎక్కువ ఇచ్చేవారు ఉన్నారు, ఒకసారి పోతే అది మళ్లీ రాదు.

గడియారం విషయానికొస్తే, అన్సోనియా కంపెనీ 1929లోనే మూతపడింది. మీది ఎంత చివరిదనుకున్నా వందేళ్ల అంచున ఉంటుంది కనుక దేశం లోపలే అమ్మండి. వీటికి ఫేస్‌బుక్‌లో గడియారాల సేకర్తల గుంపులు చురుకుగా ఉంటాయి. తలుపు తీసి ముఖఫలకం, వెనుక చెక్కపై అంటించిన కాగితం, లోపలి ఇత్తడి పలకపై ముద్ర మూడూ ఫొటో తీయండి. పెట్టె ఒక కంపెనీది, లోపలి యంత్రం ఇంకొకటి అయిన గడియారాలు ఎన్నో తిరుగుతున్నాయి. మూడు చోట్లా ఒకే ముద్ర ఉంటే ధర ఎన్నో మెట్లు పైకి వెళ్తుంది.

గ్రామఫోను మీ సామానులో విదేశాలకు వెళ్లగల అవకాశం ఉన్న వస్తువు. హెచ్‌ఎంవీ పెట్టె నమూనాలలో ప్రసిద్ధమైన 102 రకం 1931లో మొదలై 1950ల దాకా తయారైంది, కాబట్టి అదే అయితే వందేళ్లు నిండలేదు. అలాగైనా కస్టమ్స్ వారికి అనుమానం వస్తే, పురావస్తువు కాదన్న ధ్రువపత్రం భారత పురావస్తు సర్వేక్షణ శాఖ నుంచి తెచ్చుకోవలసి ఉంటుంది. మన దేశంలో కొత్త చెక్కపెట్టెకు ఇత్తడి బూరా తగిలించి, పైన కుక్కబొమ్మ అంటించి పాతదని అమ్మే నకిలీలు విపరీతంగా బయటికి వెళ్లడం వల్ల, భారతదేశం నుంచి వచ్చే గ్రామఫోను అంటేనే విదేశీ సేకర్తలు అనుమానిస్తారు. బూరా లేని మీ పెట్టె నమూనాకు ఆ అనుమానం తక్కువ. సూది తగిలించే సౌండ్ బాక్స్‌పై ఉన్న అంకెను, కీ తిప్పి ప్లేటు పాడిస్తున్న చిన్న వీడియోను జతచేస్తే అది కూడా పోతుంది. లక్క ప్లేట్లు మాత్రం విడిగా, దేశం లోపలే, పాటల సేకర్తలకు అమ్మండి. దూర ప్రయాణంలో అవి పగలకుండా చేరడం కష్టం.

రవివర్మ పటాలను తొందరపడి ఎక్కడా పెట్టవద్దు. ఆయన ముద్రణాలయం 1894లో బొంబాయిలో మొదలైంది. పటం కింది అంచులో ముద్రణాలయం పేరు, పటం పేరు ఉన్నాయేమో చూడండి. చట్రం కట్టేటప్పుడు ఆ అంచు కోసేసి ఉంటే విలువ తగ్గుతుంది. జరీ, చమ్కీలు కుట్టినవి ఉంటే విలువ పెరుగుతుంది. వీటికి సరైన చోటు మన దేశపు వేలం సంస్థలే. 2000లో ముంబైలో మొదలైన శాఫ్రనార్ట్, అక్కడే ఉన్న ఆస్తాగురు, పుండోల్స్ వంటివి ఫొటోలు పంపితే చూసి, తమకు తగినదైతే తీసుకుంటాయి. కమిషను, బీమా, రవాణా ఖర్చు ఎవరిది, అమ్ముడుపోకపోతే వెనక్కి పంపే ఖర్చు ఎవరిది అన్నవి ఒప్పందంలో రాయించుకోండి. ఇంతకు తక్కువైతే అమ్మవద్దు అనే కనీస ధర కూడా ముందే నిర్ణయించుకోవాలి. డబ్బు చేతికి రావడానికి నెలలు పడుతుంది. కాని ధర బహిరంగంగా తేలుతుంది, రసీదు వస్తుంది. తోబుట్టువుల మధ్య లెక్క తేటగా ఉండాలన్న మీ కోరికకు ఇంతకు మించిన పద్ధతి లేదు.

జవాబు (గుంటూరు నుంచి ఒక నాణేల సేకర్త)

పై జవాబుతో ఏకీభవిస్తూ నాణేల గురించి మాత్రమే రాస్తాను.

వెండి రూపాయలను బంగారు దుకాణంలో తూకానికి ఇవ్వడానికి ముందు ఒక్కొక్కదాన్ని దీపం కింద పెట్టి చూడండి. విక్టోరియా రూపాయిపై 1862 అని ఉంటే అది ఆ ఏడాదిదే కానక్కరలేదు. 1874 వరకూ అదే సంవత్సరం ముద్రిస్తూ, చిన్న చుక్కలతో తేడా చూపారు. ఆ చుక్కలు ఎన్ని, ఎక్కడ ఉన్నాయన్నదానిపై ధర మారుతుంది. అయిదో జార్జి బొమ్మతో 1911 నాటి రూపాయి ఉంటే పక్కన పెట్టండి. రాజు అంగీపై ఉన్న ఏనుగు పందిలా కనిపిస్తోందని గొడవ రావడంతో మరుసటి ఏడాది అచ్చు మార్చారు, అందువల్ల ఆ ఒక్క ఏడాది నాణేనికి గిరాకీ ఉంది. 1939 నాటి వెండి రూపాయి చాలా అరుదైనది. అది కనబడితే సంతోషపడే ముందు నిపుణుడికి చూపించండి, దానికి నకిలీలు ఎక్కువ. చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం రూపాయలకు మన రెండు రాష్ట్రాలలోనే మంచి సేకర్తలు ఉన్నారు.

నాణేలకు వేదిక నాణేల వేలం సంస్థే. ముంబైలోని తోడీవాలా, బెంగళూరులోని మరుధర్ ఆర్ట్స్ వంటివి క్యాటలాగు అచ్చువేసి, ఇంటర్నెట్‌లోనూ బిడ్లు తీసుకుంటాయి. మామూలు నాణేలైతే వారికి పంపే ఖర్చు గిట్టదు. వాటిని దగ్గరలోని నాణేల సంఘం ప్రదర్శనలో అమ్మడం మేలు. నాణేన్ని రుద్దడం, నిమ్మరసంలో వేయడం చేయవద్దు. అంచులు పట్టుకుని తీసి, ఒక్కొక్కటి విడి కాగితపు కవరులో ఉంచండి.

ఇప్పుడు అసలు హెచ్చరిక. మీరు ఫేస్‌బుక్‌లో గాని ఓఎల్‌ఎక్స్‌లో గాని నాణేల ఫొటో పెట్టిన గంటలోపే ఫోన్లు మొదలవుతాయి. ట్రాక్టరు బొమ్మ ఉన్న అయిదు రూపాయల నోటుకు లక్షలు ఇస్తామని, మీ నాణేనికి అంతకన్నా ఎక్కువ వస్తుందని, అందుకు ముందుగా రిజిస్ట్రేషను రుసుము, ఆ తరువాత జీఎస్టీ, ఆపై రిజర్వు బ్యాంకు అనుమతి రుసుము కట్టమని అడుగుతారు. తన పేరు వాడుకుని పాత నోట్లు, నాణేల లావాదేవీలలో డబ్బు వసూలు చేస్తున్నారని, తాను అలాంటి వ్యవహారాలలో లేనని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటించింది. అమ్మేవాడు ముందుగా డబ్బు కట్టే బేరం నిజమైన బేరం కాదు. అలాగే, సైన్యంలో పనిచేస్తున్నానని, చూడకుండానే కొంటానని చెప్పి, డబ్బు పంపడానికి క్యూఆర్ కోడు స్కాన్ చేయమనేవాడిని నమ్మవద్దు. డబ్బు తీసుకోవడానికి స్కాన్ చేయడం, పిన్ కొట్టడం ఎప్పుడూ అవసరం ఉండదు. పొరపాటున డబ్బు పోతే వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి.

రాగి గుండిగల ఫొటోలు పెడితే మరో రకం మనుషులు వస్తారు. బియ్యపు గింజలను లాక్కునే శక్తి మీ పాత్రకు ఉందేమో పరీక్ష చేస్తామంటారు. రైస్ పుల్లింగ్ పేరుతో ఈ మోసం మన రెండు రాష్ట్రాలలోనూ ఎన్నో కుటుంబాలను ముంచింది. వారిని ఇంటి గడప లోపలికి రానివ్వకండి.

జవాబు (అమెరికాలోని డాలస్ నుంచి ఒక సభ్యురాలు)

నేను ఇక్కడ దొరికే పాత వస్తువులను ఈబేలో, ఎట్సీలో అమ్ముతుంటాను. మీ అక్కగారు చెప్పిన మాట సహజమైనదే, కాని వస్తువు ఇక్కడ ఉన్నవారికీ అక్కడ ఉన్నవారికీ లెక్క ఒకటి కాదు.

ఎట్సీలో పాత వస్తువుగా పెట్టాలంటే దానికి కనీసం 20 ఏళ్లు నిండాలి. ప్రకటనకు 20 సెంట్లు, అది నాలుగు నెలలు ఉంటుంది. అమ్ముడుపోతే రవాణా ఖర్చుతో కలిపిన మొత్తంపై 6.5 శాతం తీసుకుంటారు, చెల్లింపు రుసుము దానికి అదనం. ఇల్లు అలంకరించుకునేవారు అక్కడ ఎక్కువ, కాబట్టి చూడముచ్చటైన చిన్న ఇత్తడి వస్తువులకు ఎట్సీ బాగుంటుంది. గ్రామఫోను వంటి యంత్రాలను అంకెల ద్వారా, నమూనా పేరు ద్వారా వెతికేవారు ఈబేలో ఉంటారు. రూబీ లేన్ అనే వేదిక పాత వస్తువులకే ప్రత్యేకం. దుకాణంలా నిలకడగా నడిపేవారికే అది గిట్టుబాటు, మీకు కాదు.

ఇక్కడ అమ్మకపోయినా ఈబే మీకు ఒక పనికి వస్తుంది. వెతికిన తరువాత అమ్ముడుపోయినవి మాత్రమే చూపించే వీలు అందులో ఉంది. అమ్మేవారు అడిగే ధర ఎంతైనా ఉండవచ్చు, కొన్నవారు ఇచ్చిన ధర అక్కడ కనిపిస్తుంది. మీ గ్రామఫోను నమూనా పేరుతో అలా చూసి, రవాణా ఖర్చు, రుసుములు తీసేస్తే చేతికి ఎంత మిగులుతుందో లెక్క వేసుకోండి. 2025 ఆగస్టు 29 నుంచి 800 డాలర్ల లోపు పార్సిళ్లకు అమెరికాలో ఉన్న సుంకం మినహాయింపు తొలగిపోయింది. ఒక చిన్న మరచెంబు మీద కూడా కొన్నవారు సుంకం కట్టవలసి వస్తుంది. బరువు, సుంకం, ప్యాకింగు కలిపి చూస్తే ఇత్తడి సామానుకు హైదరాబాదు బేరమే లాభమని మీకు తేలుతుంది.

ప్రశ్న అడిగిన సభ్యురాలు

ఇంత శ్రద్ధగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. నాణేలను విడివిడిగా కవర్లలో వేశాము, తోమడం ఆపించాను. అక్కకు కూడా విషయం వివరించాను. ఇక దంతపు పెట్టె, విగ్రహం, తాటాకు కట్టలు మిగిలాయి. పెట్టె మూత తెరిస్తే లోపల గంధపు వాసన ఇంకా వస్తోంది, దంతపు రేకుల మీద నల్లని గీతలతో పూలు, లతలు ఉన్నాయి. దీనికి వేదిక ఏది?

జవాబు (విశాఖపట్నం నుంచి, పురావస్తు రంగంలో పనిచేసి విశ్రాంతి తీసుకున్న సభ్యుడు)

అమ్మా, మీరు వర్ణించినది నిజంగా విశాఖ పనితనంలాగే ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో ఇక్కడి పనివారు చెక్కపెట్టెలకు దంతపు రేకులు తాపడం చేసి, వాటిపై సన్నని గీతలు చెక్కి, ఆ గీతలలో నల్లని లక్క నింపేవారు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో అలాంటివి ఉన్నాయి. ఆ కళ మన తీరంలో పుట్టిందని మన పిల్లలకు తెలియకపోవడం నన్ను ఎప్పుడూ బాధిస్తుంది.

అయితే ఆ పెట్టెకు ఏ వేదికా లేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశంలో ఏనుగు దంతపు వస్తువు అమ్మడం నేరం, అది ఎంత పాతదైనా సరే. ఈబే 2009లో, ఎట్సీ 2013లో దంతపు వస్తువులను నిషేధించాయి. ఫొటో కూడా ఎక్కడా అమ్మకానికి పెట్టవద్దు. వారసత్వంగా ఇంట్లో ఉంచుకోవడానికి అటవీ శాఖ యాజమాన్య పత్రం ఉందేమో మీ తాతగారి కాగితాలలో వెతకండి. లేకపోతే రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి కార్యాలయానికి మీరే రాసి విషయం తెలియజేయండి. దుప్పి కొమ్ము పిడులు, ముళ్లపంది ముళ్లతో చేసిన పెట్టెలు ఉన్నా అదే జాగ్రత్త అవసరం. ఇంట్లో ఎవరూ ఉంచుకోదలచుకోకపోతే మ్యూజియానికి ఇచ్చే మార్గం గురించి అదే ఉత్తరంలో అడగండి.

విగ్రహానికి వందేళ్లు నిండితే పురావస్తు శాఖ రిజిస్టరింగ్ అధికారి వద్ద నమోదు తప్పనిసరి. లోహ, రాతి, దారు, మట్టి శిల్పాలు, చిత్రాలు, బొమ్మలు వేసిన రాతప్రతులు ఈ నమోదు కిందికి వస్తాయి. ఏడో నంబరు ఫారం నింపి, అన్ని వైపుల నుంచీ తీసిన ఫొటోలతో ఇవ్వాలి. భారత పురావస్తు సర్వేక్షణ శాఖకు హైదరాబాదు, అమరావతి పేర్లతో సర్కిళ్లు, అంటే ప్రాంతీయ విభాగాలు ఉన్నాయి, ఎక్కడ ఇవ్వాలో వాటి కార్యాలయాలలో చెబుతారు. నమోదైన తరువాత చేతులు మారితే ఆ మార్పును కూడా తెలియజేయాలి. అన్నీ సక్రమంగా ఉంటే వేలం సంస్థలు తీసుకుంటాయి, క్యాటలాగులో దేశం దాటకూడనిదని స్పష్టంగా రాసి మరీ అమ్ముతాయి. నమోదు లేకుండా ఫేస్‌బుక్‌లో విగ్రహం ఫొటో పెడితే ముందుగా మీ ఇంటికి వచ్చేది కొనేవాడు కాదు, పోలీసు.

ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, ప్రకాశం జిల్లా చందవరం నుంచి దొంగిలించబడిన బౌద్ధ శిల్పఫలకం ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ దాకా వెళ్లి, 2016లో గాని మన దేశానికి తిరిగి రాలేదు. అలాంటి ఘటనల తరువాత ఏ మంచి కొనుగోలుదారైనా మొదట అడిగేది ఆ వస్తువు ఎవరి దగ్గర నుంచి ఎవరి దగ్గరకు వచ్చిందనే. మీ దగ్గర ఉన్న ఆధారాలన్నీ, అంటే పూజగదిలో విగ్రహం కనిపించే పాత కుటుంబ ఫొటో, భాగాల పంపకపు దస్తావేజు, ఉత్తరాలు, ఒకచోట చేర్చండి. అవి లేని వస్తువు ధర సగానికి పడిపోవడం నేను చూశాను.

తాటాకు గ్రంథాలను దయచేసి ఏ ఆన్‌లైన్ అంగడిలోనూ పెట్టవద్దు. అక్కడ కట్టలు విప్పి, ఒక్కొక్క ఆకును చట్రం కట్టి గోడకు తగిలించుకునే బొమ్మగా అమ్ముతారు. గ్రంథం అక్కడితో పోయినట్లే. మీ ఊళ్లోనే గౌతమీ గ్రంథాలయం ఉంది, అందులో రాతప్రతుల భాండాగారం ఉంది. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాచ్య పరిశోధనా సంస్థ, హైదరాబాదులో ఉస్మానియా ఆవరణలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయం ఉన్నాయి. 2025–26 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించిన జ్ఞాన భారతం మిషన్ కోటికి పైగా రాతప్రతులను సర్వే చేసి భద్రపరచడానికి ఉద్దేశించినది. కట్టలు ఇవ్వడం ఇష్టం లేకపోయినా, ఫొటోలు తీయించి కాపీ వారికి ఇచ్చి అసలు మీ దగ్గరే ఉంచుకోవచ్చు. అప్పటిదాకా దారం లాగవద్దు, ఆకులను నీటితో తుడవవద్దు, కట్టను ఎండలో పెట్టవద్దు. మొదటి ఆకు, చివరి ఆకు ఫొటోలు ఇక్కడ పెడితే, గ్రంథం పేరు చదివి చెప్పగలవారు ఈ సభ్యులలోనే ఉన్నారు.

జవాబు (విజయవాడ నుంచి, పన్నుల లెక్కలు చూసే సభ్యుడు)

లెక్క గురించి క్లుప్తంగా చెబుతాను. ఇంట్లో వాడుకున్న పాత్రలు, మంచాలు, గడియారం వంటివి సొంత వాడకపు వస్తువులు, వాటి అమ్మకంపై మూలధన లాభాల పన్ను రాదు. నగలు, పురావస్తు సేకరణలు, చిత్రాలు, శిల్పాలు, కళాఖండాలు ఆ మినహాయింపులోకి రావు. కాబట్టి రవివర్మ పటాలు వేలంలో మంచి ధరకు పోతే లాభంపై 12.5 శాతం పన్ను ఉంటుంది. వారసత్వంగా వచ్చిన వస్తువుకు మీ తాతగారి కాలం నుంచీ లెక్క వేస్తారు, 2001 ఏప్రిల్ 1 నాటి మార్కెట్ విలువను కొన్న ధరగా తీసుకోవచ్చు. ఆ విలువకు మదింపుదారు ఇచ్చిన పత్రం దగ్గర ఉంచుకోండి. వస్తువు ఎవరెవరిదో వారి వారి వాటాకు విడిగా పన్ను పడుతుంది. అందుకని అమ్మకానికి ముందే వస్తువుల జాబితా రాసి, ఒక్కొక్కదానికి ఫొటో, కనీస ధర, అమ్మే చోటు చేర్చి, తోబుట్టువులందరి సంతకాలు తీసుకోండి. విదేశంలో ఉన్న అక్కగారి సమ్మతి ఈమెయిలులోనైనా రాతపూర్వకంగా ఉండాలి. వేలం సంస్థలు కూడా అమ్మే హక్కు ఎవరిదని అడుగుతాయి.

జవాబు (హైదరాబాదు వ్యాపారి సభ్యుడు మళ్లీ)

ఒక్క విషయం చేర్చాలి. గడియారం పార్సిలులో పంపవలసి వస్తే, ముందు లోలకం తీసి విడిగా బట్టలో చుట్టండి. లోలకం ఉండగా పంపితే అది ఊగి యంత్రాన్ని తాకి, దాన్ని వేలాడదీసే పలుచని ఉక్కు రేకును తెంపేస్తుంది. గంట కొట్టే సుత్తి కదలకుండా దూది పెట్టండి. తలుపు అద్దం మీద అట్ట కట్టి, పెట్టెలో పెట్టె పద్ధతిలో సర్దండి. గ్రామఫోనుకైతే సౌండ్ బాక్స్ ఊడదీసి విడిగా పెట్టి, దాన్ని మోసే గొట్టపు చేతిని కదలకుండా దారంతో కట్టేయాలి. కొరియరు సంస్థల బీమా షరతులలో పాత వస్తువులకు, అద్దానికి మినహాయింపులు ఉంటాయి, సంతకం పెట్టే ముందు చదవండి. సర్దుతున్నప్పుడు మొదటి నుంచి చివరి దాకా వీడియో తీసి, కొన్నవారిని కూడా పెట్టె తెరిచేటప్పుడు వీడియో తీయమనండి. కొన్నవారు రాజమహేంద్రవరం వచ్చి తీసుకువెళ్తామంటే, ధర కొంచెం తగ్గించైనా వారికే ఇవ్వండి.